ఈదన్న డబ్బా

మంగళవారం ఉదయం 10.38కి ఖిల్లా ఘణపూర్ మండలంలోని ఒక పల్లి చేనులో, బోరు పక్కనున్న స్టార్టర్ గదిలో, ఈదన్నకు కరెంటు తగిలింది. వయసు నలభై ఒకటి. వృత్తి మోటార్ల రిపేరు. వనపర్తిలోని ఒక ప్రైవేటు దవాఖానకు తెచ్చేసరికి ప్రాణం ఉంది, స్పృహ లేదు.

బుధవారం సాయంత్రం ఇన్‌స్పెక్టర్ మధు విలేకరులకు రెండు ముక్కల్లో చెప్పాడు. బాధితుడు ఫ్యూజులు తీశాడు, మళ్లీ తానే పెట్టాడు, పెట్టిన సంగతి మరిచి వైరు ముట్టుకున్నాడు. ఇందులో ఇంకొకరి చెయ్యి లేదు.

గురువారం పొద్దున ఈదన్న భార్య జోగులమ్మ వనపర్తిలో బస్సెక్కి నాగర్‌కర్నూల్‌లో దిగింది. సెల్‌ఫోన్ల దుకాణం మీది గదికి మెట్లెక్కింది. తలుపు మీద శిల్ప అనే పేరు, దాని కింద ప్రైవేటు డిటెక్టివ్ అని ఉంది.

"చెప్పక్కా" అంది శిల్ప.

"మా ఆయన మతిమరుపు మనిషి గాదు మేడం. ఫీజులు పీకి జేబుల ఏసుకుంటెనే డబ్బా మీద చెయ్యి పెడతడు. ఒక్కోసారి అట్లనే ఇంటికొస్తడు. ఆయన అంగీ ఉతకాలంటే ముందు జేబు చూసుకుంట నేను."

"మొన్న జేబులో ఏమున్నయి?"

"పోలీసోళ్లు అంగీ ఇచ్చిండ్రు. టెస్టరు ఉండె, బీడీలుండె. ఫీజులు లేవు."

"ఎవరి మీదన్న అనుమానముందా?"

జోగులమ్మ కాసేపు గోడకున్న శిలువ వైపు చూసింది. "ఒక్కరని ఏం చెప్పాలె? రేపు ఆయన పనిచేసే కంపెనీకి ఆయన పేరే పెడుతున్నరు. బోర్డు గూడ వచ్చింది. ఆ పేరు ఇని కడుపుల మంట పుట్టనోళ్లు ఎవరున్నరు? ఒకసారి చేసినోడు సగంల ఇడిచిపెడతడా? నేను ఏడ్చి గోల చేస్తే దవాఖాన కాడ ఒక కానిస్టేబుల్‌ను కూసోబెట్టిండ్రు. ఇప్పుడు కేసు లేదు గద, తీసేస్తమంటున్నరు. ఆయన లేచి మాట్లాడేదాక ఆ ఒక్క మనిషి ఉండాలె మేడం. నాకు ఇంకేం వద్దు."

ఇద్దరూ ఒకే బస్సులో వెనక్కి వనపర్తి వచ్చారు.

ఐసీయూ బయట బెంచీ మీద కానిస్టేబుల్ ఉన్నాడు. పక్కన జోగులమ్మ తమ్ముడు సంతోష్ కూర్చుని ఉన్నాడు. అతనూ అదే కంపెనీలో బోర్లకు డబ్బాలు బిగిస్తాడు. మంగళవారం నుంచి ఇంటికి పోలేదని గడ్డం చూస్తే తెలుస్తుంది.

"బావకు సోయి లేదు మేడం. డాక్టరు ఇంకో రెండు దినాలు చూద్దమంటుండు."

"మంగళవారం పొద్దున నువ్వెక్కడున్నవు?"

"గద్వాలల. కొత్త డబ్బాలు తేనీకి పోయిన. ఫోనొస్తే అటు నుంచి అటే ఉరికొచ్చిన."

అప్పుడే మెట్ల దగ్గర నుంచి ఒక రైతు, చేతిలో మందుల చీటీ ఉంది, గట్టిగా కేక వేశాడు. "ఓ ఈదన్నా! మా డబ్బా మల్ల మొండికేసింది, జెర చూడరాదూ!"

సంతోష్ తలెత్తాడు. "ఇప్పుడు గాదు పెద్దయ్యా. తర్వాత వస్త."

పాపం, లోపల పడుకున్నది ఎవరో ఆ రైతుకు తెలియదని శిల్ప అనుకుంది. అనుకుని, కంపెనీ ఆఫీసుకు పోవడానికి మెట్లు దిగింది.

* * *

కంపెనీ పేరు బాలచంద్ర టెక్నాలజీస్. పెట్టి ఐదేళ్లు. వాళ్లు చేసేది ఒకటే వస్తువు. బోరు స్టార్టర్‌కు తగిలించే డబ్బా. రైతు ఇంట్లో మంచం మీద నుంచి ఫోను చేస్తే చేను దగ్గర మోటరు నడుస్తుంది, మళ్లీ చేస్తే ఆగుతుంది. చీకట్లో పాముల మధ్య చేనుకు నడిచే పని తప్పింది కాబట్టి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో అమ్ముడుపోయింది.

యజమాని బాలకృష్ణది గద్వాల. ఎదురు కుర్చీ చూపించి, నీళ్లు తెప్పించి, కూర్చున్నాడు. అతని వెనక గోడకు ఆనించి, పాత పంచె కప్పిన బోర్డు ఒకటి ఉంది.

"పేరెందుకు మారుస్తున్నరు?" అంది శిల్ప.

"కలిసిరాలేదండి. పండితుడు అక్షరాలు లెక్కగట్టి చూసిండు. మార్చమన్నడు."

"ఏ పండితుడు?"

"గద్వాలల ఉంటడు."

"ఆయన పేరు?"

బాలకృష్ణ గ్లాసు కొంచెం పక్కకు జరిపాడు. "గుర్తుకు లేదు."

"పేరు మార్చమన్నాయన పేరు గుర్తుకు లేదు."

పక్క టేబుల్ దగ్గర కంప్యూటర్ ముందున్న అమ్మాయి నవ్వింది. ఆమె నందిని. డబ్బాలో నడిచే ప్రోగ్రాం ఆమె రాసింది. కంపెనీలో వాటా కూడా ఉంది.

"నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా బాలా?" అంది.

నందిని కుర్చీ ఇటు తిప్పుకుంది.

"మూడు జిల్లాల్లో గోడల మీద బాలచంద్ర అని రాయించినం మేడం. రైతు ఆ గోడకే వీపు ఆనించి నిలబడతడు. నిలబడి దుకాణపాయనను, ఈదన్న డబ్బా ఉన్నదా అని అడుగుతడు. మొదటి వెయ్యి డబ్బాలు ఊరూరు తిరిగి బిగించింది ఈదన్న. చెడిపోతే పండగ రోజైనా పోయేది. బాలచంద్ర ఎవరో వాళ్లకు తెల్వదు, ఈదన్న తెలుసు. అట్ల అయిపోయింది. పోయిన ఎండాకాలం ఎవడో దొంగ డబ్బా తయారు చేసి, దాని మీద ఈదన్న డబ్బా అని చీటీ అంటించి అమ్మడం మొదలుపెట్టిండు. మా కంటే వానివే ఎక్కువ పోయినయి. వకీలు ఒకటే చెప్పిండు. ఆ పేరు మీరన్న పెట్టుకోండి, లేకుంటే వాడు పెట్టుకుంటడు."

"అందుకే మారుస్తున్నరు."

"అందుకే. పండితుడు లేడు, పంచాంగం లేదు."

శిల్ప బాలకృష్ణ వైపు తిరిగింది. "ఈ మాట చెప్పనీకి సిగ్గెందుకు?"

"చంద్ర అంటే మా అమ్మ పేరండి. చంద్రమ్మ." బాలకృష్ణ గొంతు తగ్గింది. "కంపెనీ పెట్టిననాడు దుకాణం ముంగట కొబ్బరికాయ కొట్టింది ఆమెనే. నేను చెప్పిన్నాటి సంది ఒకటే మాట. చదివించింది నిన్ను గదరా, కంపెనీ పెట్టింది నువ్వు గదరా, వాని పేరేందిరా అంటది. ఏం చెప్పాలె? వాడు మంచోడు. వాని మీద నాకు కోపం లేదు. పేరు మీదనే."

"మంగళవారం పొద్దున?"

"గద్వాలల మా అమ్మ కాడ. అడుగుండ్రి. తిట్లు ఇంటనే ఉన్న."

"అదే పొద్దున సంతోష్ కూడా గద్వాలల ఉన్నడంట. కలిసిండా?"

"లేదు. స్టాకు గోదాం వేరే దిక్కు."

శిల్ప కుర్చీ నందిని వైపు జరుపుకుంది.

"మీకు?"

"నాకేంది?"

"కడుపు మండలేదా?"

"మండింది" అంది నందిని. "ఆ డబ్బాలో ఉన్న ప్రతి లైను నేను రాసిన. పేరు స్క్రూలు తిప్పినాయనకు పోతుంది. నేను మనిషిని గాదా? వారం రోజులు ఈదన్నతో మాట్లాడలే. ఆయనకు నేనెందుకు మాట్లాడుతలేనో గూడ సమజ్ కాలే. ఒకరోజు వచ్చి, జ్వరమొచ్చిందా అమ్మా అని అడిగిండు. ఇంక ఏం కొట్లాడుత?"

"ఇంత సాఫ్ చెప్పినందుకు మీ మీద అనుమానం తగ్గదు."

"తగ్గించుమని నేను అడగలే."

"ఇక్కడ కూర్చుని ఆ చేనులో మోటరు నడిపించొచ్చా?"

"కరెంటు ఉంటే నడిపించొచ్చు. ఫ్యూజులు పీకినంక నా ప్రోగ్రాం గోడ మీది క్యాలెండరు లెక్క. ఇటు చూడండి." స్క్రీన్ తిప్పింది. "డబ్బాలో చిన్న బ్యాటరీ ఉంటది. కరెంటు పోతే, వస్తే, మాకు మెసేజ్ వస్తది. మంగళవారం పది ఇరవైకి పోయింది. పది ముప్పై ఎనిమిదికి వచ్చింది. మా నుంచి ఏ కమాండూ పోలేదు. పోలీసులకు గూడ ఇదే చూపించిన."

అంబులెన్సుకు ఫోను పోయింది 10.39కి. ఆ సంగతి శిల్పకు దవాఖానలో తెలిసింది.

లేచి నిలబడి, వెళ్లే ముందు ఒకటి అడిగింది. "ఈ పేరు ఖాయం చేసిననాడు ఎవరెవరున్నరు?"

"నలుగురం. మేమిద్దరం, ఈదన్న, సంతోష్. బాలకృష్ణ చెప్తుంటే ఈదన్న, వద్దు సార్, నా పేరు మోటుగ ఉంటది అన్నడు. ఎవరం ఏం మాట్లాడలే. సంతోష్ ఒక్కడే చప్పట్లు కొట్టిండు. మేం వేరే ముచ్చట్లకు పోయినంక గూడ కొడుతనే ఉండె."

గోడ మీద ఒక ఫొటో ఉంది. ఆ నలుగురే, ఆఫీసు తెరిచిన రోజు. శిల్ప దాన్ని సెల్‌ఫోనులో తీసుకుంది.

* * *

చేను యజమానురాలు నాగేంద్రమ్మ. అరవై దాటిన మనిషి. శిల్ప చేరేసరికి కూలివాళ్లతో పాటు పల్లి పీకుతూ ఉంది. చేతులు దులుపుకుని, చూపించాల్సినవి చూపించింది.

ట్రాన్స్‌ఫార్మర్ గట్టు మీద ఉంది. దాని స్తంభానికి ఫ్యూజుల పెట్టె. స్టార్టర్ గది చేను మధ్యలో, బోరు పక్కన. గది తలుపు బోరు వైపు. డబ్బా ముందు నిలబడిన మనిషికి ఫ్యూజుల పెట్టె కనిపించదు. పెట్టె దగ్గర నిలబడిన మనిషికి గది వెనక గోడ తప్ప ఏమీ కనిపించదు.

గదిలో డబ్బా మూత తెరిచే ఉంది. మూడు వైర్లు బయటికి తీసి, కొనలు చెక్కి ఉన్నాయి. ఒకటి నల్లబడింది. కింద స్క్రూలు ఒక బీడీకట్ట కాగితంలో పెట్టి ఉన్నాయి, పడిపోకుండా అంచులు మడిచి.

మరిచిపోయే మనిషి స్క్రూలకు కాగితం మడవడు. శిల్ప బయటికి వచ్చింది. ఫ్యూజుల పెట్టె దగ్గరికి పోయి, తెరిచి, మూసి, అక్కడి నుంచి నడిచి గట్టు దిగి, నీటి కాలువ దాటి, గది చుట్టూ తిరిగి తలుపు లోపలికి వచ్చింది. ఫోనులో గడియారం చూసుకుంది. రెండు నిమిషాలు దాటింది.

జీపు అప్పుడు వచ్చింది.

మధు దిగాడు. వెనక రైటర్ కానిస్టేబుల్ దిగాడు. మధు, శిల్ప ఒకప్పుడు నాగర్‌కర్నూల్‌లో ఒకే కోచింగ్ సెంటర్‌లో ఎస్సై పరీక్షకు చదివారు. ఒకే బెంచీ. అతనికి వచ్చింది, ఆమెకు మూడు మార్కులతో పోయింది. నిరుడు కొల్లాపూర్ మామిడి వ్యాపారి ఇంట్లో దొంగతనం కేసును మధు మూసేశాక శిల్ప తెరిచింది. పేపర్లో ఆమె ఫొటో వచ్చింది. మధు పేరు చివరి పేరాలో వచ్చింది.

"ఏం శిల్పా, చేన్ల పడ్డవు? పల్లి పీకనీకొచ్చినవా?"

"కేసు పీకనీకొచ్చిన సార్. మీరు పాతిపెట్టిండ్రంట గద."

"బాలకృష్ణ ఫోన్ చేసిండు. ఆఫీసుల కూసొని యజమానిని నిలదీసినవంట. ఏ అధికారంతోని?"

"ఆయన నీళ్లు గూడ ఇచ్చిండు."

"చూడు." మధు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆ టోపీ ముందున్న గుర్తును శిల్ప చూసింది. కలిసిన ప్రతిసారీ చూస్తుంది, చూడకూడదని అనుకుంటూనే. "కళ్లారా చూసిన సాక్షి ఉంది. ఆమె చేనే, ఆమె మోటరే. ఫీజులు పీకింది ఎవరు అని అడిగిన. ఈదన్న అంది. పెట్టింది ఎవరు అని అడిగిన. ఈదన్న అంది. ఇంకేం గావాలె? పేపర్ల ఫొటో గావాల్నా?"

"పెట్టె కాడ ఫీజు పెట్టిన మనిషి గదిలకు వచ్చి వైరు ముట్టనీకి రెండు నిమిషాలు పడతది. పది ముప్పై ఎనిమిదికి కరెంటొచ్చింది. పది ముప్పై తొమ్మిదికి అంబులెన్సుకు ఫోన్ పోయింది. నడిచేదెప్పుడు, పడేదెప్పుడు, వీళ్లు చూసేదెప్పుడు?"

"ఉరికి ఉంటడు."

"ఎందుకు ఉరుకుతడు? కరెంటు ముట్టుకోనీకి తొందరా?"

రైటర్ నవ్వు ఆపుకోవడానికి పక్కకు తిరిగాడు. మధు అది గమనించాడు.

"నీకు పోలీసు నౌకరి రాలేదని ప్రతి కరెంటు షాకు మర్డర్ గావాల్నా శిల్పా?"

"నీకు వచ్చిందని ప్రతి మర్డరు కరెంటు షాకు గావాల్నా?"

కూలివాళ్లు పని ఆపి చూస్తున్నారు.

"దవాఖాన కాడి కానిస్టేబుల్?" అంది శిల్ప.

"పన్నెండింటికి తీసేసిన. కేసు లేనిదానికి కాపలా ఏంది?"

శిల్ప నాగేంద్రమ్మ దగ్గరికి పోయి గట్టు మీద ఆమె పక్కన కూర్చుంది.

"అవ్వా, మొన్న ఏం జరిగిందో మొదటి సంది చెప్పు. నేను మధ్యల ఆపను."

"ఎన్నిసార్లు చెప్పాలె బిడ్డా? పొద్దుగాల ఈదన్న వచ్చిండు. డబ్బా చూసి, ఖరాబైందవ్వా అన్నడు. నడుస్తనే ఉండె గద అన్న. లేదు, లోపల పోయింది, నా ఒక్కనితోని కాదు, ఇంకో మనిషిని పిలుస్త అని ఫోన్ చేసిండు. జెర సేపటికి ఈదన్న వచ్చిండు."

మధు నిట్టూర్చాడు. "వచ్చినోడే మల్ల వచ్చిండా? ముసలామె అట్లనే తిప్పి తిప్పి చెప్తది. మొన్న గూడ గిట్లనే..."

"ఆపనన్న" అంది శిల్ప, అతని వైపు చూడకుండానే. "చెప్పవ్వా."

"వచ్చి ఫీజులు పీకిండు. జేబుల ఏసుకోబోయి, ఆగిండు. ఆయన చేతిల పెట్టి, నువ్వు పట్టుకో, ఈడనే ఉండు అన్నడు. అని గదిలకు పోయిండు. నేను ఈడ కూలోళ్లకు నీళ్లు పోస్తున్న. చూస్తుంటే ఈదన్న ఫీజుల పెట్టె తెరిచి ఒక్కొక్కటి పెట్టిండు. గదిల నుంచి అరుపొచ్చింది. మేం ఉరికినం. మా కోడలు అంబులెన్సుకు ఫోన్ చేసింది. ఈదన్న బండి ఎక్కి పోయిండు. డాక్టరును తెస్తడేమో అనుకున్న. మల్ల రాలే."

"కరెంటు కొట్టి పడిపోయినాయన బండెక్కి ఎట్ల పోతడు అవ్వా?" అన్నాడు మధు.

"మొన్న గూడ గట్లనే అని నవ్విండ్రు నీ పోలీసోళ్లు." నాగేంద్రమ్మ చేతిలోని పల్లి మొక్కను కొట్టి మట్టి దులిపింది. "పడ్డది ఒకాయన. పోయింది ఒకాయన."

శిల్పకు దవాఖాన మెట్లు గుర్తొచ్చాయి. చీటీ పట్టుకున్న రైతు. ఓ ఈదన్నా అన్న కేక. తలెత్తి జవాబు చెప్పిన మనిషి.

"ఇద్దరు ఈదన్నలున్నరా అవ్వా?"

"ఇద్దరేంది, ఎంతమందొస్తే అంతమంది. డబ్బా పని మీద ఎవరొచ్చినా ఈదన్ననే గద బిడ్డా. వాళ్ల అసలు పేర్లు మాకెట్ల ఎరుక? ఒకసారి ఇంకో పిలగాడొస్తే వాన్ని గూడ అట్లనే అన్నం. పలికిండు."

చేనులో గాలి లేదు. రైటర్ కానిస్టేబుల్ మధు ముఖం చూశాడు.

అప్పుడు సమయం మూడున్నర.

శిల్ప లేచింది. ఫొటో ఆమె సెల్‌ఫోనులోనే ఉంది. బయటికి తియ్యలేదు.

"ఇన్నవా మధూ?" సార్ అనలేదు. "ఇంకోసారి చెప్పవ్వా. సార్‌కు సాఫ్‌గ ఇనపడాలె."

నాగేంద్రమ్మ ఇంకోసారి చెప్పింది. శిల్ప రైటర్‌ను పిలిచి, కాగితం తీయమంది. మొన్నటి వాంగ్మూలం తప్పు కాబట్టి కొత్తది ఇక్కడే, ఇప్పుడే రాయాలంది. ఆమె ఒక్కో వాక్యం అడుగుతూ పోయింది. నాగేంద్రమ్మ చెప్తూ పోయింది. రైటర్ రాశాడు. ఒకచోట మధు, స్టేషన్‌కు పోయి రాసుకుందామన్నాడు. వద్దు, మీరు అడగని ప్రశ్న కూడా రాయాలి అంది శిల్ప. దాన్ని రెండుసార్లు చదివించింది. కింద మధు చేత సంతకం పెట్టించింది. పెన్ను తానే ఇచ్చింది.

"అయిందా?" అన్నాడు మధు. "సంతోషమా? ఇప్పుడు ఆ రెండో మనిషి ఎవరో చెప్తవా? బాలకృష్ణనే అయి ఉంటడు. పేరు పోయేది ఆయనది గద."

"నేను గూడ అట్లనే అనుకున్న. ఈదన్న ఫీజులు ఎవరికీ ఇయ్యడు మధూ. భార్య చెప్పింది. ఇచ్చిండంటే, జేబు కంటే ఎక్కువ నమ్మిన మనిషై ఉండాలె. యజమాని అయితే ఇయ్యడు."

సెల్‌ఫోను తీసి, ఫొటో పెద్దది చేసి, నాగేంద్రమ్మ ముందు పట్టింది.

నాగేంద్రమ్మ కళ్లు చికిలించి చూసింది. వేలు బాలకృష్ణ మీద ఆగలేదు. నందినిని దాటింది. ఈదన్న భుజం మీద చెయ్యి వేసి నవ్వుతున్న మనిషి మీద ఆగింది.

"గీయనే. మా డబ్బా బిగించింది గూడ గీయనే. మంచి పిలగాడు. ఒక్కటే ఒకసారి కోపానికొచ్చిండు. డబ్బా బిగించిననాడు చాయ్ ఇచ్చుకుంట ఈదన్నా అని పిలిస్తే, నా పేరు సంతోష్ అవ్వా, సంతోష్ అన్నడు. నేను, సరే తీ ఈదన్నా అన్న. మా కోడలు పడిపడి నవ్వింది. ఆయన చాయ్ తాగకుండనే పోయిండు."

శిల్ప అప్పటికే జోగులమ్మకు ఫోను చేస్తూ ఉంది.

"అక్కా, యాడున్నవు?"

వెనక గంటలు మోగుతున్నాయి. "బీచుపల్లి వచ్చిన మేడం. ఆంజనేయస్వామికి మొక్కు. తమ్ముడే పొమ్మన్నడు. పోలీసాయన పోతే పోయిండు, నేనున్న గద అక్కా, నువ్వు పోయి దీపం పెట్టి రా అన్నడు. ఎందుకు మేడం?"

"దవాఖానకు రా అక్కా. ఇప్పుడే బయలుదేరు."

రెండో ఫోను దవాఖానకు. రిసెప్షన్ అమ్మాయి కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది.

"ఐసీయూల ఈదన్నా? డిశ్చార్జ్ మేడం. హైదరాబాద్ తీసుకపోతమన్నరు. డాక్టరు వద్దన్నడు, అయినా ఇనలే. మా పూచీ అని సంతకం పెట్టి తీసుకపోయిండ్రు."

"ఎవరు?"

"వాళ్ల బామ్మర్ది."

"అంబులెన్సులోనా?"

"కారు. సెలైన్ సీసా చేత పట్టుకొని ఎక్కించిండు."

"ఎప్పుడు?"

"మూడు యాభైకి."

శిల్ప ఫోను దించింది. మధు విన్నాడు. ఇద్దరూ ఒకేసారి రైటర్ చేతిలోని కాగితాల వైపు చూశారు. మధు సంతకం కింద సమయం వేసి ఉంది, శిల్పే వేయమంది. 4.05.

"కారు నంబరు చెప్పమను" అంటూ మధు జీపు వైపు పరుగెత్తాడు. వైర్‌లెస్ అందుకున్నాడు. శిల్ప వెనక సీటులో ఎక్కింది. ఈసారి దిగమని అతను అనలేదు.

హైదరాబాద్ పోయే కారు వనపర్తి నుంచి హైవే ఎక్కి ఉత్తరానికి పోవాలి. హైవే మీద ఏ చెక్‌పోస్టులోనూ ఆ కారు కనపడలేదు.

4.25కి పానగల్ దగ్గర డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ జవాబిచ్చాడు. తెల్ల కారు, అదే నంబరు, కొల్లాపూర్ వైపు పోయి పావుగంటయింది. వెనక సీటులో ఒకాయన దుప్పటి కప్పుకుని పడుకుని ఉన్నాడు. దవాఖానకు అంటే పోనిచ్చానన్నాడు.

"కొల్లాపూర్‌ల ఐసీయూ ఉందా?" అంది శిల్ప.

మధు డ్రైవర్‌తో, తొందరగా పోనియ్యి అన్నాడు.

5.10కి వైర్‌లెస్ మళ్లీ మోగింది. కొల్లాపూర్ దాటి సోమశిలలో, కృష్ణ ఒడ్డున, రేవుకు దిగే దారిలో కారు దొరికింది. తలుపులు తెరిచి ఉన్నాయి. వెనక సీటు మీద దుప్పటి, సగం నిండిన సెలైన్ సీసా ఉన్నాయి. మనుషులు లేరు. రేవులో చేపలవాళ్లు కట్టిపెట్టిన పుట్టి పడవల్లో ఒకటి లేదు.